సైకిలుకి 49 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కిట్: రెండేళ్ల నాలుగు నెలలు వాడాక

మాది పెదవేగి దగ్గర పామాయిల్ తోట, మధ్యలో కోకో. మూడు బోర్లు మూడు మూలల్లో ఉంటాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చుట్టి వస్తే రోజుకి ఆరేడు కిలోమీటర్లు అవుతుంది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక నడవడం, సైకిలు తొక్కడం రెండూ కష్టమయ్యాయి. అప్పుడు ఇంట్లో ఉన్న పాత పెద్ద సైకిలుకి ఇంజిన్ కిట్ పెట్టించాను.

టీవీఎస్ ఎక్స్‌ఎల్ కొనుక్కోవచ్చు కదా అని అందరూ అడిగారు. మంచి బండే, కాదనను. కానీ మా గట్టు రెండు మూరల వెడల్పు కూడా ఉండదు, మధ్యలో రెండు బోదెలు (చిన్న నీటి కాలవలు) అడ్డం. 80 కిలోలు దాటిన బండిని బోదె దాటించడం ఒక్కడి వల్ల కాదు. ఈ సైకిలు ఇంజిన్‌తో కలిపి ముప్పై పైచిలుకు కిలోలు. ముందు చక్రం అవతల గట్టున ఆనించి, వెనక క్యారేజీ పట్టుకుని ఎత్తితే దాటిపోతుంది.

టూ స్ట్రోక్ కిట్లు చాలా తక్కువ ధరకే వస్తాయి, బిగించడమూ తేలికే. అయినా వద్దనుకున్నాను. పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలపడం, తేడా వస్తే ప్లగ్గు మసి పట్టడం, ఆ పొగ, ఆ మోత... మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్‌తో ఆ తిప్పలన్నీ పడ్డాను. ఫోర్ స్ట్రోక్‌లో పెట్రోలు వేరు, ఆయిల్ వేరు. శబ్దం కూడా తక్కువ, పక్క చేలో మనిషి పిలిస్తే వినబడుతుంది.

బిగించడానికి ఏలూరులో సైకిల్ మేస్త్రికి మూడు రోజులు పట్టింది. పెద్ద సైకిలు ఫ్రేములో చోటు బాగా ఉంటుంది కాబట్టి ఇంజిన్ సులువుగానే కూర్చుంది. ఫ్రేము పైపుకి, క్లాంపుకి మధ్య పాత ట్యూబు ముక్క చుట్టాం. కానీ గేర్‌బాక్సుతో కలిపి ఇంజిన్ వెడల్పు ఎక్కువ, పెడల్ తిప్పితే దాని మూతకి కొట్టుకుంది. పెడల్ ఇరుసు తీసేసి పొడవుది వేశాక సరిపోయింది. కిట్ కొనేముందు ఈ వెడల్పు తప్పకుండా కొలుచుకోండి, అమ్మేవాళ్లు చెప్పరు.

అసలు సమస్య వెనక చక్రంతో వచ్చింది. కిట్‌లో వచ్చిన పళ్ల చక్రాన్ని రెండు రబ్బరు బిళ్లల మధ్య స్పోకులు ఇరికించి 9 బోల్టులతో బిగించాలి. ఆ 9 అనేది 36 స్పోకుల చక్రానికి వేసిన లెక్క, నాలుగు స్పోకులకి ఒక బోల్టు. మన పెద్ద సైకిళ్లకి ముందు 32, వెనక 40 స్పోకులు ఉంటాయి. 40ని తొమ్మిదితో ఎలా సర్దినా ఒకచోట బోల్టు స్పోకు మీదకే వస్తుంది. మేస్త్రి ఎలాగో సర్ది బిగించాడు. నెల తిరక్కుండా వారానికో స్పోకు తెగడం మొదలైంది. పళ్ల చక్రం కూడా కొద్దిగా వంకర తిరిగేది, చైను ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులయ్యేది.

అయిదో వారంలో పడ్డాను. చైను బిగువుగా ఉంచడానికి చిన్న రోలరు ఒకటి ఇస్తారు, ఇనప పట్టీతో వెనక పైపుకి బిగిస్తారు. రెండో బోరు దగ్గర గట్టు మీద వెళ్తుంటే టకటకమని శబ్దం వచ్చింది. వంగి చూసేలోపే రోలరు లోపలికి తిరిగి స్పోకుల్లో ఇరుక్కుంది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి నేను బోదెలో పడ్డాను. మోచెయ్యి చర్మం లేచిపోయింది, ఆరు స్పోకులు విరిగాయి. నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి దానితో పోయింది.

మేస్త్రి చూసి, "బాబాయ్ గారూ, ఆ పట్టీ ఎంత బిగించినా లాభం లేదండీ. పైపు వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడిపోద్ది. చైను లాగితే పట్టీ జారిపోద్ది" అన్నాడు. ఆ రోలరు మళ్లీ పెట్టలేదు. వెనక ఇరుసు జరిపి చైను బిగిద్దామంటే పెడల్ చైను బిగువు కూడా మారిపోతుంది. అందుకని ఇంజిన్ కింది ప్లేటులో బోల్టు రంధ్రాలని పొడుగ్గా కోయించి, ఇంజిన్‌నే ముందుకీ వెనక్కీ జరుపుకునేలా చేయించాం. లేత్ షాపులో హబ్బుకి (చక్రం నడిమి భాగానికి) సరిపడా ఇనప రింగు తిప్పించి, పళ్ల చక్రాన్ని స్పోకులకి కాకుండా నేరుగా హబ్బుకే బిగించాం. 44 పళ్లది తీసేసి 48 పళ్లది వేశాం, ఎందుకంటే 28 అంగుళాల చక్రానికి 44 పళ్లతో లాగుడు చాలడం లేదు, బయలుదేరేటప్పుడు క్లచ్ జారి వేడెక్కుతోంది. ఈ పనికి మూడు వేలు దాటింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్క స్పోకు తెగలేదు. అసలు కిట్ ధర 18 వేలు. ఈ మూడు వేలు కూడా కిట్ ధరలోనే లెక్క వేసుకోవాలి.

ఇంజిన్ మాత్రం నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. తాడు రెండుసార్లు లాగితే స్టార్ట్ అవుతుంది. నాలుగు తొక్కులు తొక్కి రేస్ పెంచితే క్లచ్ దానంతటదే పట్టుకుంటుంది. గట్ల మీద లీటరుకి 45 కిలోమీటర్ల దాకా ఇస్తోంది. లోపల పట్టే ఆయిల్ పావు లీటరు లోపే. పంపూ లేదు, ఫిల్టరూ లేదు, అడుగున ఉన్న ఆయిల్‌నే చిమ్మి అన్నిటికీ అందిస్తుంది. అందుకే ఆయిల్ తగ్గితే ఇంజిన్‌కి ప్రాణాపాయమే. మొదటి పది గంటలకే మార్చాను. దించిన ఆయిల్‌ని ఎండలో పట్టి చూస్తే వెండి పొడి కలిపినట్టు మెరిసింది. అది కొత్త ఇంజిన్ లోపల అరిగిన లోహం. ఆ ఆయిల్ అలాగే వదిలేస్తే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఇప్పుడు ప్రతి యాభై గంటలకీ మారుస్తున్నాను, 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ వేస్తున్నాను.

ఇంకో సంగతి. సైకిలుని గట్టు మీద పక్కకి పడుకోబెట్టకండి. ఒకరోజు అలాగే వదిలేస్తే ఆయిల్ సిలిండర్లోకి వెళ్లి తాడు లాగడానికే రాలేదు. ప్లగ్గు విప్పి, తాడు పదిసార్లు లాగి, ఆయిల్ బయటికి కక్కించాక స్టార్ట్ అయింది, కాసేపు తెల్ల పొగ వచ్చి ఆగింది. వానాకాలంలో నెలన్నర వాడకుండా ఉంచినప్పుడు కార్బురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోయింది. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, దానికి చెమ్మ పీల్చే గుణం ఉంది. అప్పటినుంచి నాలుగు రోజులు ఆపాలన్నా ట్యాప్ కట్టేసి, కార్బురేటర్లో పెట్రోలు అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడుపుతాను.

అదురుకి నట్లు వదులవుతాయి. నైలాన్ నట్లు వేసినా వారానికోసారి స్పానర్ పట్టుకోవాల్సిందే. వెనక మడ్‌గార్డు మూడో నెలలో పగిలింది.

నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది బ్రేకు. ఈ సైకిళ్లకి ఉండేవి రాడ్ బ్రేకులు, రబ్బర్లు స్టీలు రిమ్ము లోపలివైపు ఒరుసుకుంటాయి. తొక్కే వేగానికి అవి చాలు. తడిస్తే మాత్రం నొక్కినా బండి సాగిపోతూనే ఉంటుంది. ఈ ఇంజిన్ 35 కిలోమీటర్ల వేగం సులువుగా అందుకుంటుంది, కానీ నేను యాక్సిలరేటర్‌కి స్క్రూ అడ్డం పెట్టించి 20 దాటకుండా చేశాను. మా అన్నయ్య మనవడు ఒకటే గోల, ఆ స్క్రూ తీసెయ్యమని. తీయను.

రోడ్డు మీదకి తీసుకెళ్లను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాలకన్నా తక్కువ ఉన్న బండికి ఇంజిన్ 25 సీసీ మించకపోతేనే మినహాయింపు. 49 సీసీ పెడితే సైకిలు కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కావాలి, ఇంట్లో బిగించినదానికి అవి రావు. ప్రమాదం జరిగితే ఎదుటి మనిషికి మనం ఏ సమాధానం చెప్పలేం. ఊళ్లోకి, బజారుకి అనుకునేవాళ్లు 250 వాట్లకి లోపు, గంటకి 25 కిలోమీటర్లు మించని ఎలక్ట్రిక్ సైకిలు చూసుకోవడం మేలు, దానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు. సొంత తోట, ఇరుకు గట్లు, దగ్గర్లో లేత్ షాపు ఉన్నవాళ్లకి మాత్రం ఈ కిట్ ధైర్యంగా చెబుతాను.

ముందు చక్రానికి డ్రమ్ బ్రేకు హబ్బు ఒకటి దొరికిందని మేస్త్రి మొన్న ఫోన్ చేశాడు, 32 స్పోకులదే. వచ్చే వారం సైకిలు ఆయన దగ్గర వదిలి వస్తాను.