ప్రేమ నవల: ముందు యాప్‌లో సీరియలా, నేరుగా పుస్తకమా?

కొత్తగా ప్రేమ నవల రాసినవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: "అక్కా, ప్రతిలిపి యాప్‌లో భాగాలుగా పెట్టనా, దాచుకుని పుస్తకం వేయనా?" ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. వారపత్రికలో సీరియల్ వచ్చేది, తర్వాత నవలగా అచ్చయ్యేది, అద్దె పుస్తకాల షాపుల్లో అట్ట ఊడేదాకా చేతులు మారేది. ఇప్పుడు ఆ పనులన్నీ మనమే చేసుకోవాలి.

నేను రెండూ చేశాను. నా మొగ్గు సీరియల్ వైపే. కాకపోతే, కనీసం సగం నవల రాసి పెట్టుకున్నాకే మొదటి భాగం వదలాలి.

ప్రేమకథకు ఎదురుచూపే ప్రాణం. వాళ్లిద్దరూ బస్టాండులో ఒక్క మాటా మాట్లాడుకోకుండా విడిపోయిన చోట భాగం ఆపితే రాత్రి పదకొండింటికి కూడా కామెంట్లు వస్తాయి. నా రెండో నవల పద్నాలుగో భాగంలో హీరో చెల్లెలి పేరు మారిపోయింది. పది నిమిషాల్లో ఒకావిడ పట్టేశారు: "మొన్న శైలజ కదండీ, ఇవాళ శిరీష అయిందేంటి?" వెంటనే దిద్దాను. హీరో ఉత్తరం చింపేసిన భాగం తర్వాత చదివేవాళ్ల సంఖ్య సగానికి పడిపోయింది. అతని కోపానికి కారణం నేను సరిగ్గా చెప్పలేదని అప్పుడే తెలిసింది. పుస్తకమే ముందు వేసి ఉంటే ఈ సంగతి నాకు ఎవరూ చెప్పేవారు కాదు.

సగం రాసిపెట్టుకోమనడం ఎందుకంటే, వారానికి మూడు భాగాలు వేయాలన్న టెన్షన్‌లో ప్రతి భాగం చివరా ఒక యాక్సిడెంటో, పాత ప్రేయసి ఫోనో పెట్టేస్తాం. ఫోన్లో అది చెల్లుతుంది. అదే కథ ఒక్క బిగిన పుస్తకంగా చదివేవాళ్లకు విసుగు పుడుతుంది. అందుకే అచ్చుకిచ్చే ముందు తిరగరాయాల్సిందే.

ఇక పుస్తకం. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి ఎవరికీ డబ్బు కట్టకండి. అసలు ఖర్చు అచ్చుకీ, ఆ తర్వాత అమ్మకానికీ. నేను 500 కాపీలు వేస్తే, షాపులో అమ్ముడైన ప్రతి కాపీ మీద 40 శాతం కమీషన్ పోయింది. 2024 డిసెంబరులో బుక్‌పోస్ట్ (పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే తపాలా సేవ) ఎత్తేశాక కొన్నాళ్లు పోస్టులో పంపడమూ భారమైంది. డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చేటప్పుడు, మనం ఫోన్లో టైపు చేసే యూనికోడ్ అక్షరాలను అచ్చుకు వాడే 'అను' ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. నా పుస్తకంలో ఆఖరి పేజీ 'కన్నీళ్లు' 'కనీళ్లు'గా అచ్చయింది, అదీ ఆమె అతన్ని క్షమించే వాక్యంలో. ప్రూఫు కాగితం మీద తీసుకుని, పైకి చదువుతూ దిద్దండి.

అమెజాన్ వాళ్ల ఈ-బుక్ వేదిక కిండిల్ గురించీ అడుగుతుంటారు. రచయితలు తమ పుస్తకాన్ని తామే ప్రచురించుకునే అమెజాన్ సేవలోకి 2016లో ఐదు భారతీయ భాషలను తెచ్చినప్పుడు వాటిలో తెలుగు లేదు. మొదటి అడుగు అటు వేయమని నేను చెప్పను.

యాప్‌తోనైనా, పబ్లిషరుతోనైనా ఒప్పందంలో గడువు రాయించుకోండి. హక్కులు రాసిచ్చిన పత్రంలో కాలం లేకపోతే మన కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది. "శాశ్వతంగా" అన్న మాట ఉంటే మాత్రం ఆ రక్షణ దొరకదు. ఆ ఒక్క మాట కోసమైనా కాగితం మొత్తం చదవాలి.

ప్రచారానికొస్తే, అట్ట బొమ్మను స్టేటస్‌గా పెడితే లైకులొచ్చాయి, కొన్నవాళ్లు లేరు. ఇద్దరి మధ్య గొడవ సంభాషణ నాలుగు లైన్లు నా గొంతుతో చదివి రీల్ పెట్టాను, మిగతాది ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

విజయవాడ పుస్తక మహోత్సవంలో స్టాల్ దగ్గర ఒకామె నా నవల తీసి నేరుగా చివరి పేజీ చూశారు. "కలుస్తారు కదమ్మా?" అన్నారు. కలుస్తారన్నాను. వాళ్లమ్మాయి అప్పటికే ఫోన్లో చదివేసిందట, తనకు మాత్రం చిన్న అక్షరాలు ఆనవట. రెండు కాపీలు తీసుకుని, ఒకదాని మీద ఆ అమ్మాయి పేరు రాయించుకున్నారు.