గర్భసంచి జారితే తీయించాలా, ఉంచి పైకి కట్టించాలా?

మా పిన్నికి 46 ఏళ్ళు, గర్భసంచి కిందికి జారింది, నీళ్ళ బిందె ఎత్తినా గట్టిగా దగ్గినా ఉండలా బయటికొచ్చేది, కాసేపు వెల్లకిలా పడుకుంటే మళ్ళీ లోపలికెళ్ళేది. డాక్టర్‌కి చూపిస్తే మొదటి మాటే "తీసేద్దాం అమ్మా". మన దగ్గర ఇది మామూలైపోయింది, దేశంలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందుంటాయి, నాకైతే బాధేస్తుంది.

అసలు సంచి జారేది దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు, కండరాలు సాగిపోయి. తీసేసినా పైభాగాన్ని గట్టిగా కట్టకపోతే యోని పైభాగమే మళ్ళీ కిందికి రావచ్చు. ఉంచే పద్ధతిలో యోని దారి నుంచే గర్భసంచి మెడని వెనకున్న సాక్రోస్పైనస్ లిగమెంట్‌కి (కటి ఎముకల మధ్య ఉండే గట్టి పట్టీకి) కుట్లేసి పట్టిస్తారు, కొందరికి కొన్ని వారాలు పిరుదు నొప్పి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 208 మందిలో ఈ రెండూ పోల్చారు, 5 ఏళ్ళకి పైభాగం ఇబ్బందిపెట్టేలా మళ్ళీ జారడమో దానికి ఇంకో ఆపరేషనో అయింది ఉంచినవాళ్ళలో 1 శాతానికి, తీసినవాళ్ళలో 7.8 శాతానికి. మూత్రాశయం వైపు గోడ జారడం మాత్రం రెండిటిలోనూ ఉంది.

అలాగని అందరికీ ఉంచమనను. నెలసరి ఆగాక బ్లీడింగ్ అవుతున్నా, పాప్ స్మియర్ (గర్భసంచి మెడ క్యాన్సర్ ముందే పట్టడానికి చేసే పరీక్ష) తేడాగా వచ్చినా, ఇంట్లో గర్భసంచి క్యాన్సర్ ఉన్నా తీయడమే మేలు కావచ్చు. ఉంచుకుంటే స్మియర్లు చేయించుకుంటూనే ఉండాలి.

పిన్ని రిపోర్టులు రాగానే యూరోగైనకాలజిస్ట్‌కి (ఇలా జారడం, మూత్ర సమస్యలు చూసే ఆడవాళ్ళ డాక్టర్‌కి) చూపిస్తాం, ఆపరేషన్ డేట్ అప్పటిదాకా వద్దన్నా.