నాన్నతో వుడ్‌స్టాక్ పొలంలో ఒక రోజు

నాన్న హైదరాబాద్ నుంచి మా దగ్గరికి, న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చి రెండు నెలలైంది. నయాగరా అయింది, వాషింగ్టన్ అయింది. ఈసారి ఎక్కడికి వెళ్ళాలో మా అమ్మాయి నిర్ణయించింది. బళ్ళో దానికి 1960ల అమెరికా పాఠం నడుస్తోంది. వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగిన పొలం దగ్గరున్న బెతెల్ వుడ్స్ మ్యూజియంలో శనివారం పిల్లలకూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకూ కలిపి ఒక కార్యక్రమం ఉందని చూసి, మా ముగ్గురి పేర్లూ ఇచ్చేసింది.

ముందే ఒక మాట. జీపీఎస్‌లో వుడ్‌స్టాక్ అని కొట్టకండి. ఆ పేరుతో న్యూయార్క్ రాష్ట్రంలో వేరే ఊరుంది, అక్కడి నుంచి ఈ పొలం దాదాపు 60 మైళ్ళు. 1969 ఆగస్టులో నాలుగు లక్షల మందికి పైగా వచ్చిన ఆ సంగీతోత్సవం జరిగింది బెతెల్‌లో, మ్యాక్స్ యాస్గర్ అనే పాడి రైతు పొలంలో. అంతకుముందు అనుకున్న వాల్‌కిల్‌ ఊరు ఒప్పుకోకపోతే, నెల రోజుల ముందు ఆయన తన భూమి ఇచ్చాడు. తర్వాత కేబుల్ టీవీ వ్యాపారి అలన్ గెర్రీ ఆ స్థలం కొన్నారు. మ్యూజియం 2008లో తెరిచారు.

మా ఇంటి నుంచి రెండు గంటల పైనే పట్టింది. రూట్ 17 ఎక్కాక దారంతా కొండలు, చెట్లు. మాంటిసెల్లో దాటాక 17బి మీద పది మైళ్ళు.

రాత్రి బసకు ఆ దగ్గర్లో ఒక మోటల్ తీసుకున్నాం. ఫోటోలు చూసి మోసపోయాం. హీటర్ రాత్రంతా గడగడలాడుతూనే ఉంది, తెల్లారి వేడినీళ్ళు లేవు. నాన్నకు డెబ్బై దాటాయి, ఆయన చన్నీళ్ళతో స్నానం చేస్తానంటే నాకు టెన్షన్. కౌంటర్లో అడిగితే అరగంట అన్నారు, గంటన్నర పట్టింది. పెద్దవాళ్ళతో వెళ్తే మాంటిసెల్లో, లిబర్టీల వైపు కాస్త ఎక్కువ పెట్టి మంచి గది తీసుకోండి. ఇంకా నయం, పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. శాకాహారులకు దారిలో పెద్దగా ఏమీ దొరకదు. నేను పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాను, అవే ఆదుకున్నాయి.

ఇక మ్యూజియం సంగతి. రంగులేసిన పాత బస్సు, బట్టలు, రేడియోలు, గోడల నిండా కెన్నెడీ, మార్టిన్ లూథర్ కింగ్, వియత్నాం. మామూలుగా తిరిగితే రెండు గంటల్లో అయిపోతుంది. కానీ నేను చెప్పేది ఒకటే: కార్యక్రమం ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పకుండా తీసుకెళ్ళండి.

మమ్మల్ని నడిపించిన గైడ్ పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ పొలంలో వానలో తడిసినవారే. తారీఖులు అప్పజెప్పలేదు. పిల్లల ముందు ఒక టికెట్ ఫోటో పెట్టారు. మూడు రోజులకు 18 డాలర్లు. అప్పటి కనీస వేతనం గంటకు 1.60 డాలర్లు, మరి ఎన్ని గంటల పని అని అడిగారు. పిల్లలు లెక్క కట్టి పదకొండు పైనే అన్నారు. "మీరు అంత కష్టపడి కొన్నారు. తీరా వచ్చేసరికి కంచే పూర్తి కాలేదు, టికెట్ లేనివాళ్ళు కూడా లోపలే ఉన్నారు. ఏం చేస్తారు?" అంతే, పిల్లలు రెండు జట్లయిపోయారు. ఒకబ్బాయి డబ్బు వెనక్కి అడుగుతానన్నాడు. మా అమ్మాయి, పక్కవాడి దగ్గర డబ్బు లేకపోతే వాడు పాట వినకూడదా అని వాదించింది. ఇంట్లో ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడగా వినలేదు.

ఊరివాళ్ళలో ఒక పెద్దావిడ, ఉత్సవానికి వచ్చిన పిల్లలు తిండి చాలక అల్లాడుతున్నారని తెలిసి వాళ్ళమ్మ వంటగదిలో సాండ్‌విచ్‌లు చేస్తుంటే తాను కాగితాల్లో చుట్టానని చెప్పింది. తర్వాత మన సంగతులు వచ్చాయి. యోగా గురువు స్వామి సచ్చిదానందను హెలికాప్టర్లో తీసుకొచ్చి ఆరంభంలో మాట్లాడించారని, రవిశంకర్ శుక్రవారం రాత్రి వానలోనే సితార్ వాయించారని గైడ్ చెప్పి, నాన్న వైపు తిరిగి "ఆ ఏడు మీరెక్కడున్నారు?" అన్నారు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు, నేను ఇంగ్లీషులోకి మార్చాను. 1969లో ఆయన హైదరాబాద్‌లో పీయూసీ, అంటే డిగ్రీకి ముందు చదివే కోర్సు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. కాలేజీలు మూతపడ్డాయి, కాల్పుల్లో విద్యార్థులు చనిపోయారు. "మా ఏడాది చదువు పోయింది బిడ్డా, అయినా ఎవ్వలం ఇంట్ల కూసోలే" అన్నారు. ఆ మాటను ఎలా మార్చాలో తెలియక నేను తడబడ్డాను. ఇన్నేళ్ళలో ఇది నాకూ ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్కడి పిల్లలు రాష్ట్రం వచ్చిందా అని అడిగారు. 2014లో వచ్చిందని చెబితే చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం టై-డై. తెల్ల బనీను మధ్యలో పట్టుకుని మెలితిప్పి, చక్రంలా చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, సీసాలతో రంగు పోయడం. మాది చౌటుప్పల్ దగ్గర ఊరు, పోచంపల్లి మగ్గాలు చూస్తూ పెరిగిన మనిషి నాన్న. పక్కనున్న టీచర్‌కి ఒక దారం ముక్క చూపించి, మా దగ్గర బట్టకు కాదు, నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు ముంచుతారు, నేసేటప్పుడు ఆ రంగులు పువ్వులై కలుస్తాయి అని వివరించారు. ఆవిడ నోట్‌బుక్‌లో బొమ్మ వేయించుకుంది.

బయట పొలం గిన్నెలా వాలుగా ఉంటుంది. దిగడం తేలికే, ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం, పైనుంచి చూసినా చాలు. అప్పట్లో చెట్ల మధ్య బజారు పెట్టిన చోట ఇప్పుడు నడకదారులు వేశారు, అక్కడ నీడ బాగుంటుంది. మరీ చిన్నపిల్లలకు మాత్రం ఈ చోటు విసుగే. చలికాలంలో మ్యూజియం మూసి ఉంటుంది కాబట్టి తేదీలు ముందే చూసుకోండి.

తిరుగు దారిలో మా అమ్మాయి ఫోన్ రికార్డర్ పెట్టి, "తాతా, కాలేజీ మూశాక హాస్టల్లో ఉన్నావా, ఊరికి పోయావా?" అంది. న్యూజెర్సీలోకి వచ్చేసరికి గంటా పది నిమిషాలు రికార్డయింది. నాన్న ఇంకా ఏప్రిల్ నెల దగ్గరే ఉన్నారు.