ఒక్క ప్రాజెక్టా, రెండు మూడా? కొత్తగా కంపెనీ పెట్టేవాళ్లకు ఏది మేలు?

మా ఒడిశా వైపు పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో స్టార్టప్ పెడతామనే కుర్రాళ్లు అడిగేది ఇదే: ఒక్కదాన్నే పట్టుకుని ఉండాలా, రెండు మూడు మొదలుపెట్టి ఏది ఆడితే దాన్ని చూసుకోవాలా అని. నేను రెండు విధాలూ చేశాను. ఒక్కటే మేలు.

రెండో వాదన కొట్టిపారేసేదేం కాదు. మన వైపు పెట్టుబడి పెట్టేవాళ్లు దొరకడం కష్టం, ఇంట్లో నెలనెలా డబ్బు కావాలి, ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందన్న ధైర్యం ఉంటుంది. ఎలాన్ మస్క్ కార్ల కంపెనీ టెస్లా, రాకెట్ల కంపెనీ స్పేస్‌ఎక్స్ రెండూ నడపలేదా అంటారు. నడిపాడు, కానీ 2008లో రెండూ మునిగే దాకా వచ్చాయి, పైగా పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ అమ్మకంతో వచ్చిన డబ్బు ఆయన దగ్గర ఉండేది.

నేను చోడిపిండి (రాగిపిండి) ఆన్‌లైన్‌లో అమ్ముతూ, కిరాణా షాపులకు ఒడియా, తెలుగు భాషల్లో బిల్లు కొట్టే యాప్ కూడా నడిపాను. రథయాత్ర ముందు రోజు మిల్లు దగ్గర ప్యాకెట్లకు సీలు సరిగ్గా పడక ఒక్కొక్కటీ నొక్కి చూస్తున్నా, ఆ చప్పుడులో ఫోన్ వినబడలేదు, తీసి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. షాపు నిండా జనం, యాప్‌లో బిల్లు రావట్లేదు. షావుకారుగారు కోప్పడలేదు, "ఇంక పుస్తకంలోనే రాసుకుంటాలే బాబూ" అన్నారు. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

పిండి మా బావకి అప్పజెప్పేశాను. తర్వాత రోజూ షాపుల్లో కూర్చుంటే తెలిసింది, వాళ్ల అసలు టెన్షన్ బిల్లు కాదు, అరువు ఖాతా, ఎవరు ఎంత బాకీ అన్నది. రెండింటి మధ్యా తిరుగుతున్నప్పుడు అది నా కంటికి ఆనలేదు.

దారి మార్చుకోవద్దని కాదు. మన రాయగడ జిల్లా బిస్సం కటక్‌లో పుట్టిన రితేష్ అగర్వాల్ 2012లో ఓరావెల్ అని బస బుక్ చేసుకునే సైట్ పెట్టి, 2013లో దాన్నే ఓయో హోటళ్లుగా మార్చాడు, బస అన్న విషయాన్ని మాత్రం వదల్లేదు. ఆఫీసుల్లో వాడే మెసేజింగ్ యాప్ స్లాక్ వాళ్లు కూడా అంతే, గ్లిచ్ అనే గేమ్ 2012లో మూసేశాకే, తమకోసం రాసుకున్న మెసేజింగ్ సాఫ్ట్‌వేర్ మీద పూర్తిగా కూర్చున్నారు.

ఇల్లు గడవడానికి సాయంత్రం ట్యూషన్లు చెప్పుకోండి, తప్పులేదు, ఆ గంట అయ్యాక అది బుర్రలో ఉండదు. ఏది ఎంచుకోవాలో నిజంగా తేలకపోతే రెండింటినీ మూడు నెలల పాటు చేయండి, కానీ ఆఖరి తేదీ ఇప్పుడే క్యాలెండర్ మీద రాసి ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఆ రోజుకి ఎవరైనా జేబులోంచి డబ్బు తీసి ఇచ్చింది దేనికో అదే ఉంచుకోండి.