‘వ్యాలీ అప్‌రైజింగ్’: యోసెమిటీ కథలో తగ్గిన ఒక అధ్యాయం

కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో రాక్ క్లైంబింగ్ చరిత్రను చెప్పే ‘వ్యాలీ అప్‌రైజింగ్’ (2014) డాక్యుమెంటరీకి ప్రాణం క్లైంబర్లు రాయల్ రాబిన్స్, వారెన్ హార్డింగ్‌ల స్పర్ధ. 1957లో రాబిన్స్ బృందం హాఫ్ డోమ్ అనే శిఖరపు వాయవ్య ముఖాన్ని ఎక్కగా, మరుసటి ఏడాది హార్డింగ్ బృందం సుమారు 900 మీటర్ల నిలువు బండ ఎల్ కాపిటన్‌పై ‘నోస్’ మార్గాన్ని పూర్తిచేసింది. ఆసరా కోసం బండను తొలిచి బోల్టులు దిగగొట్టడం ఎంతవరకు సబబన్న వాదం ఆ ఇద్దరి స్వభావాల్లోంచే పుట్టిందనిపిస్తుంది. హార్డింగ్, డీన్ కాల్డ్‌వెల్ 1970లో అదే ఎల్ కాపిటన్‌లోని డాన్ వాల్‌పై వేసిన మార్గంలోని బోల్టులను తొలగించడం మొదలుపెట్టిన రాబిన్స్, పైకి వెళ్లేకొద్దీ వారి పనితనాన్ని గుర్తించి మధ్యలోనే ఆ పని మానుకున్న ఘట్టం ఆ వాదాన్ని ఏ వ్యాఖ్యానం కన్నా బాగా విప్పిచెబుతుంది.

పాత ఛాయాచిత్రాలకు చలనం కల్పించిన తీరు ముచ్చటగా ఉంది, అక్కడక్కడా అతి అనిపించినా. గంజాయి మూటలతో కూలిన విమానం ఉదంతం సరదాగా సాగుతుంది.

అయితే క్లైంబర్లు ఈ చిత్రంపై చేసే ఒక ఫిర్యాదు నాకూ న్యాయమే అనిపించింది. తాడును రక్షణకే తప్ప ఎక్కడానికి ఆసరాగా వాడకుండా, 1993లో నోస్‌ను మొట్టమొదట పూర్తిచేసింది లిన్ హిల్. పురుషులెవరికీ అప్పటిదాకా సాధ్యం కాని ఆ ఆరోహణకు దక్కిన నిడివి, క్లైంబర్ల శిబిరంలోని అల్లరికి దక్కినదానితో పోలిస్తే చాలా తక్కువ.