కారం గిర్నీకి సబ్సిడీ దరఖాస్తు: పీఎంఈజీపీ మేలా, పీఎంఎఫ్‌ఎంఈ మేలా?

పర్వతగిరి మండలంలో ఉండే మా వదిన కారం పట్టే గిర్నీ పెడతానంటే దరఖాస్తు రాసే పని నాకు అప్పగించారు. మా ముందు రెండు కేంద్ర పథకాలున్నాయి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ చూసే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) 2008లో మొదలైంది. పీఎంఎఫ్‌ఎంఈ (ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకం) చిన్న ఆహార పరిశ్రమల కోసమే 2020లో వచ్చింది. రెండింటిలోనూ సబ్సిడీ బ్యాంకు అప్పుతో ముడిపడి ఉంటుంది. అది మూడేళ్లు బ్యాంకులోనే ఉండి, గిర్నీ నడుస్తూ ఉంటేనే అప్పులో జమవుతుంది. పల్లెటూరి మహిళకు రెండింటిలోనూ 35 శాతమే. అందుకే ఏది వేసినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. లెక్క వేయడానికి కూర్చున్నాకే తేడా తెలిసింది.

మిర్చి వ్యాపారంలో పెట్టుబడి ఎక్కువగా మింగేది సరుకే. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు ఫిబ్రవరి నుంచి వేసవి దాకా బస్తాలు ముమ్మరంగా వస్తాయి. ఆ నాలుగు నెలల్లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నవాళ్లకే ఏడాదంతా పని ఉంటుంది. పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీని యంత్రాల మీద, వాటికి అవసరమైన కట్టడం మీదే లెక్కిస్తుంది. ఆ కట్టడం కూడా 30 శాతానికి మించకూడదు. సరుకు కొనే డబ్బును బ్యాంకు అప్పుగా ఇవ్వవచ్చు, కానీ దానికి సబ్సిడీ లేదు. పీఎంఈజీపీలో ఒక విడత వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనడానికి, రోజువారీ ఖర్చులకు డబ్బు) కూడా ప్రాజెక్టు ఖర్చులో కలుస్తుంది.

వదిన లెక్కే చూడండి: యంత్రాలు, షెడ్డు కలిపి 6 లక్షలు, మిర్చికి 4 లక్షలు. పీఎంఈజీపీలో మొత్తం 10 లక్షల మీద మూడున్నర లక్షలు వస్తుంది. పీఎంఎఫ్‌ఎంఈలో 6 లక్షల మీదే కాబట్టి 2 లక్షల 10 వేలు. చేతి డబ్బు పీఎంఈజీపీలో మహిళలకు 5 శాతం చాలు, పీఎంఎఫ్‌ఎంఈలో కనీసం 10 శాతం పెట్టాలి. అయితే పీఎంఈజీపీలో వర్కింగ్ క్యాపిటల్ ఎక్కువ చూపించి వాడకుండా వదిలేస్తే కుదరదు. మూడేళ్లలో ఒక్కసారైనా బ్యాంకు మంజూరు చేసిన వర్కింగ్ క్యాపిటల్ పరిమితి పూర్తిగా వాడాలి, వాడకం ఆ పరిమితిలో 75 శాతానికి తగ్గకూడదు. కొనగలిగినంతే రాయాలి.

ఊరు ఎక్కడుందన్నది ఇంకో మెలిక. 2022 సవరణల తరువాత పీఎంఈజీపీలో పంచాయతీ పరిధి అంతా పల్లె, మున్సిపాలిటీ అంతా పట్టణం. గ్రేటర్ వరంగల్‌లో కలిసిన 42 గ్రామాల వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మామునూరు, హసన్‌పర్తి వైపు పొలాల మధ్య ఇల్లు ఉన్నా దరఖాస్తులో అది పట్టణమే. అక్కడ మహిళలకు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు పీఎంఈజీపీ ఇచ్చేది 25 శాతం, జనరల్ వర్గం పురుషులకు 15 శాతమే. పీఎంఎఫ్‌ఎంఈ మాత్రం ఎవరికైనా, ఎక్కడైనా 35 శాతం ఇస్తుంది. విలీన గ్రామాల్లో యంత్రాలకే ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లు నిస్సందేహంగా దీనికే వెళ్లాలి.

ఇప్పటికే గిర్నీ నడుపుతూ కొత్త పల్వరైజర్ (పొడి కొట్టే యంత్రం) కొనాలనుకునేవాళ్లకు కూడా పీఎంఎఫ్‌ఎంఈయే దారి. పీఎంఈజీపీలో మొదటి అప్పు కొత్త యూనిట్లకే. పెద్ద ఎత్తున పెట్టేవాళ్లకు మాత్రం పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ 10 లక్షల దగ్గర ఆగిపోతుంది. పీఎంఈజీపీలో తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు దాకా అవకాశం ఉంది.

దరఖాస్తుతో పాటు బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టు విషయంలో మాత్రం నా ఓటు పీఎంఎఫ్‌ఎంఈకే. ఆ పథకం కింద దరఖాస్తుదారులకు తోడ్పడే జిల్లా రిసోర్స్ పర్సన్ రిపోర్టు రాయడానికి, ఆహార లైసెన్సు తీసుకోవడానికి సాయం చేస్తారు. అప్పు మంజూరైతే వారికి రుసుము ప్రభుత్వమే ఇస్తుంది, మన జేబు నుంచి పైసా ఇవ్వక్కర్లేదు. మేము ఆ సంగతి తెలియక మొదట ఒక మధ్యవర్తికి డబ్బిచ్చాం. అతను పిండి గిర్నీ రిపోర్టులో పేరు మార్చి ఇచ్చాడు. కరెంటు లోడు ఒకటి, కొటేషన్‌లోని మోటారు ఇంకొకటి. బ్యాంకు మేనేజరు రెండో పేజీలోనే పట్టుకుని తిప్పి పంపారు.

రెండోసారి వదిన, నేను కూర్చుని రాశాం. ఎవరి దగ్గర మిర్చి కొంటాం, కిలోకు పట్టుకూలి ఎంత, ఏ దుకాణాలు తీసుకుంటామన్నాయి, అన్నీ ఆమె నోటి లెక్కలే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చితో కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే పొడి విడిగా అమ్మాలన్నది ఆమె ఆలోచన. దాన్ని మార్కెటింగ్ భాగంలో మొదటి వాక్యంగా పెట్టాం. మిర్చి కొనే డబ్బుకూ సబ్సిడీ వస్తుంది కాబట్టి దరఖాస్తు పీఎంఈజీపీలోనే వేశాం, ఫిబ్రవరి పంటకు డబ్బు చేతికందాలని వానాకాలం ముగియకముందే.