బోరు చేయించిన మారుతి 800లో పిస్టన్ చప్పుడు: నాలుగేళ్లు నడిపాక

మా 2004 మోడల్ మారుతి 800 ఇంజన్‌కు బోరు, అంటే అరిగిన సిలిండర్లను కాస్త వెడల్పుగా కోయించే పని, చేయించి నాలుగేళ్లు దాటింది. 0.50 ఓవర్‌సైజు (అర మిల్లీమీటరు లావు) పిస్టన్ సెట్టు, రింగులు, బేరింగులు, హెడ్డు పని, అన్నీ ఒకేసారి చేయించాను. నీలం పొగ పోయింది, పికప్ తిరిగొచ్చింది. కానీ మొదటి వారం నుంచే పొద్దున స్టార్ట్ చేయగానే బానెట్ కింద టక్ టక్ టక్ అని ఒక గుల్ల చప్పుడు. ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల కిందికి పోతాయి. అలాంటి పొద్దున ఆ చప్పుడు గేటు బయటికీ వినబడుతుంది. బండి వేడెక్కితే మాయం.

బోరు చేసిన దగ్గర అడిగితే ట్యాపెట్లు, అంటే వాల్వులను నొక్కే భాగాల్లో వదులు అన్నారు. ట్యాపెట్లు సెట్ చేశారు, చప్పుడు పోలేదు. చివరికి మా ఊళ్లోనే ఒక పెద్ద మిస్త్రీ పట్టుకున్నాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన బ్లాక్‌కు (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మకు) ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్‌లో రెండో సిలిండర్ ప్లగ్గు విప్పి, ఆ కంతలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, స్టార్టర్ నాలుగు తిప్పులు తిప్పి, ప్లగ్గు బిగించి స్టార్ట్ చేశాడు. చప్పుడు సగానికి పైగా తగ్గింది. కాసేపటికి ఆ ఆయిల్ కాలిపోయి మళ్లీ మొదలైంది. “పిస్టన్ కొడుతుంది సార్. చల్లగున్నప్పుడే. వేడైతే గ్యాప్ నిండుతది” అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు రెండింటి మధ్య రెండు థౌ, అంటే 0.05 మిల్లీమీటర్ల వరకు సందు వదులుతారు. అంతకు మించి వదిలితే, పిస్టన్ పైకెళ్లి దిగడం మొదలుపెట్టేటప్పుడు పిస్టన్‌ను కింది క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు వాలు మారి, పిస్టన్ ఒక గోడ వదిలి రెండో గోడకు తగులుతుంది. ఆ దెబ్బే మనకు వినిపించేది. కొత్తగా కంపెనీ నుంచి వచ్చిన కొన్ని ఇంజన్లలోనూ ఇది ఉంటుంది. 1990ల చివరినాటి సుబారు 2.5 లీటర్ల ఇంజన్లు చలికి ఇలా కొట్టుకోవడం అమెరికాలో వాటిని నడిపినవాళ్లకు బాగా తెలుసు.

మా బండికి ఎందుకొచ్చిందంటే, పిస్టన్ సెట్టు హైదరాబాద్ నుంచి రాకముందే లేత్ షాపులో బ్లాక్ కోసి పెట్టేశారు, సందు ఎక్కువైపోయింది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఇప్పటికీ నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఓవర్‌సైజు నంబరు చూసి కొయ్యకూడదు. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో ముందే గుర్తు పెట్టుకుని, ఒక్కోదాన్నీ మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు ఆ సిలిండర్ కొయ్యాలి, హోనింగ్ (గోడను సానరాళ్లతో నున్నగా రుద్దడం) చెయ్యాలి. మీరు బోరుకు ఇచ్చేటప్పుడు సెట్టు చేతికొచ్చాకే బ్లాక్ పంపండి.

నాలుగేళ్లలో అన్నిటికన్నా బాగా పనిచేసింది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు. మన దగ్గర ఇంజన్ విప్పితే చాలు, ఎండల భయంతో దాన్ని పీకి పారేస్తారు. మాదీ అలాగే పీకేశారు. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరుగుతుంటాయి, చలికాలంలో ఇంజన్ వేడెక్కనే వేడెక్కదు, చప్పుడు ఊరు దాటేదాకా ఉంటుంది. కొత్తది వేయించాక రెండు మూడు కిలోమీటర్లలోనే సద్దుమణుగుతోంది. మే నెలలో 43 డిగ్రీల ఎండలోనూ బండి ఎన్నడూ ఓవర్‌హీట్ కాలేదు, ఫ్యాను సరిగ్గా పనిచేస్తే చాలు.

20డబ్ల్యూ-40 బదులు ఇంకాస్త చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ కూడా పోసి చూశాను. చప్పుడు కొంచెం మెత్తబడింది కానీ పొద్దున స్టార్టర్ ఈడ్చుకుంటూ తిరిగింది, మళ్లీ పాతదానికే వచ్చేశాను. సీసాల్లో అమ్మే మందుల జోలికి పోలేదు. స్టార్ట్ చేశాక నిలబెట్టి రేజ్ చెయ్యను. అర నిమిషం ఆగి, మూడో గేరు వరకు మెల్లగా పోనిస్తాను.

ఈ నాలుగేళ్లలో 40 వేల కిలోమీటర్లు పైనే తిరిగింది. ఆయిల్ మార్పుకూ మార్పుకూ మధ్య డిప్‌స్టిక్‌లో తగ్గేది కొద్దిగానే. మొన్న కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూపిస్తే మూడు సిలిండర్లకూ తేడా 10 పీఎస్ఐ లోపే ఉంది. నిర్మల్ వెళ్లి వచ్చేటప్పుడు మహబూబ్ ఘాట్ రోడ్డు ఎక్కిస్తే, ఇంట్లో అందరం కూర్చున్నా గుంజుతుంది, చప్పుడు లేదు. వేడెక్కాక, లోడు మీద మోగితే అది వేరే జబ్బు, కనెక్టింగ్ రాడ్డు కింది కొసనుండే బిగ్ ఎండ్ బేరింగ్ అయి ఉండొచ్చు, వెంటనే బండి ఆపాలి.

మళ్లీ విప్పించమని చెప్పేవాళ్లున్నారు. ఇప్పటికే 0.50 కోసిన బ్లాక్ అది. ఇంకా కోస్తే గోడ పల్చబడుతుంది, లేదంటే స్లీవ్‌లు, అంటే సిలిండర్ లోపల దిగేసే కొత్త గొట్టాలు, వేయించాలి. చలికాలం పొద్దుటి ఐదు నిమిషాల చప్పుడు కోసం అంత పని పెట్టను. వేడెక్కాక కూడా చప్పుడు ఆగకపోయినా, ఆయిల్ తాగడం మొదలైనా, అప్పుడు స్లీవ్‌లే వేయిస్తాను.